తొమ్మిదో సూది

“లోపలికి రమ్మనండి బావగారూ,” అంది చిన్నకోడలు, గుమ్మంలో నిలబడ్డ మనిషి వైపు చూడకుండా.

“రమ్మంటోంది,” అన్నాడు ఆయన, రెండడుగుల దూరంలో ఉన్న భార్యతో.

“నాకు చెవుడు లేదని చెప్పండి,” అంది పెద్దకోడలు.

చెప్పి ఊరుకుంది కానీ గుమ్మం మాత్రం దాటలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పొట్టకి ఆనించి పట్టుకుని, తోడికోడలు సూదుల వైద్యం చేసే ఆ గది గోడల వంకా, మూలనున్న ఎత్తు బల్ల వంకా, దాని మీద పరిచిన తెల్లటి దుప్పటి వంకా చూస్తూ నిలబడింది. వచ్చిన దారినే పోదామని కాళ్ళు అంటున్నాయి. చెయ్యి ఒప్పుకోవడం లేదు.

ఆ చెయ్యి ఛాతీ దాటి లేవక మూడు నెలలైంది. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నించి సాయంత్రం దాకా చేతులెత్తి ఆడవాళ్ళ జుట్టు కత్తిరించిన మనిషి, ఇప్పుడు తన జడ తను వేసుకోలేదు. ఆ జడ రోజూ భర్తే వేస్తున్నాడు. ఆయన వేసిన జడతో బయటికి రావడం సెలూన్ నడిపే మనిషికి ఎంత అవమానమో చెప్పనక్కర్లేదు.

ఎట్టకేలకి లోపలికి వచ్చింది. చెప్పులు మాత్రం పాదాలు ఎటు పారిపోవాలనుకుంటున్నాయో అటే తిప్పి విడిచింది.

తోడికోడళ్ళిద్దరూ మాట్లాడుకోక రెండేళ్ళు. ఇళ్ళు ఒకే వీధిలో, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. ఎదురుపడితే ఎడమొహం పెడమొహం. తప్పనిసరి కబురేదైనా ఉంటే ఈయన మోసుకు తిరగాలి. నీటి సరఫరా ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం ఆయనది. ఊళ్ళో ప్రతి ఇంటి గేటూ తీసి లోపలికి వెళ్ళగలడు, ఈ రెండిళ్ళ మధ్యే దారి దొరకడం లేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఈ మౌనానికి ఒకే ఒక్క మాట కారణం. రెండేళ్ళ క్రితం అత్తగారి శవం పక్కన, పదిమందీ వింటుండగా, పెద్దకోడలు చిన్నకోడల్ని వేలెత్తి చూపించి అంది: “నీ సూదులే ఆవిడ్ని మింగాయి.” చిన్నకోడలు ఆ రోజు జవాబు చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి నిజమే అయ్యుంటుందని ఊరంతా అనుకుంది. కట్టుకున్నవాడు కూడా అప్పుడప్పుడు అనుకున్నాడేమోనని ఆమెకి ఒక దిగులు.

“డాక్టరు కాగితం తెచ్చారా అని అడగండి,” అంది చిన్నకోడలు.

డాక్టరుకి చూపించుకోకుండా వచ్చిన వాళ్ళని ఆమె ముట్టుకోదు. ఈ నియమం రెండేళ్ళ క్రితం లేదు.

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. భుజం కీలు బిగుసుకుపోయిందని, ఏడాది దాకా పట్టొచ్చని, రోజూ వ్యాయామం చెయ్యాలని ఉంది అందులో. చిన్నకోడలు రెండుసార్లు చదివింది. తర్వాత గోడ మీది క్యాలెండర్‌కి అప్పజెప్పినట్టు అందరికీ చెప్పేదే చెప్పింది. సూది సన్నగా ఉంటుంది, ఒకసారి వాడింది పారేస్తుంది. దిగేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, ఆ తర్వాత బరువుగా, లోపలెవరో గుంజినట్టు ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు. కొందరికి నిద్రొస్తుంది, కొందరికి తల తిరుగుతుంది. ఒక్కరోజులో చెయ్యి లేస్తుందని ఆశ పెట్టుకోకూడదు. నాలుగైదుసార్లు చూస్తుంది, తేడా లేకపోతే తనే ఆపేస్తుంది. డాక్టరిచ్చిన మందులు, వ్యాయామం మాత్రం ఒక్కపూట కూడా మానకూడదు.

“విన్నావుగా,” అన్నాడాయన భార్యతో, ఇదంతా మళ్ళీ అప్పజెప్పే ఓపిక లేక.

చిన్నకోడలు ఒక ఫారం, పెన్సిలు ఆయన చేతికిచ్చి జవాబులు రాయమంది. మీటర్ల అంకెలు రాసి రాసి ఆయన చేతిరాత అచ్చుగుద్దినట్టు ఉంటుంది. నిద్ర పడుతుందా, పట్టదు. దాహం వేస్తుందా, వేస్తుంది. చెమట, మామూలే. విరేచనం సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకుని కిటికీ వైపు తిరిగి అడిగాడు. పెద్దకోడలు కూడా కిటికీకే జవాబు చెప్పింది. ముగ్గురిలో నవ్వు రానివాళ్ళు లేరు, నవ్వినవాళ్ళు లేరు.

“మనసులో దిగులేమైనా ఉందేమో అడగండి.”

ఆయన అడిగాడు. పెద్దకోడలు ఒక క్షణం ఆలస్యంగా, “లేదని రాయండి,” అంది. ఆయన ‘లేదు’ అని రాశాడు.

తర్వాత నాలుక చూపించమంది. పెద్దకోడలు చాపింది. చిన్నకోడలు వంగి చూసి, ఇంకా వంగి చూసి, లేచి నిలబడింది. నాలుక ఎర్రగా, తోమిన గిన్నెలా మెరుస్తోంది.

“పొద్దున నాలుక గీక్కున్నారా అని అడగండి బావగారూ.”

“ఒకళ్ళకి నోరు చూపించేటప్పుడు శుభ్రం చేసుకోకుండా ఎవరైనా వస్తారా అని అడగండి.”

“ఆ పూత చూసే కదా లోపల ఏముందో తెలిసేది. మూడుసార్లు గీకినట్టున్నారు. ఇప్పుడు నేనేం చూడను?”

“నాలుగుసార్లు,” అన్నాడాయన మెల్లిగా. భార్య కళ్ళెర్రజేసింది. అరటిపళ్ళ తొక్క కూడా తుడిచి పళ్ళెంలో పెట్టే మనిషి ఆవిడ. శుభ్రమే ఆవిడ పరువు, ఈ రోజు ఆ పరువే అడ్డం పడింది.

ఇక మిగిలింది నాడి. దానికి మధ్యవర్తి పనికిరాడు. చిన్నకోడలు స్టూలు లాక్కుని కూర్చుని చెయ్యి చాచింది. పెద్దకోడలు ఆ చేతి వంక చూసి చూసి, తన చెయ్యి అందులో పెట్టింది.

మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనాయి. నాడి చూసేటప్పుడు మాట్లాడకూడదు. రెండేళ్ళుగా మాట్లాడని వాళ్ళకి అదేమంత కష్టం కాకూడదు. అయినా ఆ రెండు నిమిషాలూ గడవలేదు. ఈ చెయ్యే పెళ్ళయిన కొత్తలో చిన్నకోడలికి జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఈ చెయ్యే వేలెత్తి చూపించింది. వేళ్ళ కింద నాడి గబగబా కొట్టుకుంటోంది. అది భుజం నొప్పిది కాదని తెలుసుకోవడానికి వైద్యం చదవనక్కర్లేదు.

చిన్నకోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. అత్తగారు తలనొప్పని రెండోసారి వచ్చిన రోజు. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే ఎడమచేతిలోంచి జారిపోయింది. మాట కొంచెం ముద్దగా వచ్చింది. చిన్నకోడలు సూదుల పెట్టె మూసేసి, ఇది నా పని కాదత్తయ్యా, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం అంది. ఆవిడ వినలేదు. పెద్దది ఇన్నాళ్ళకి సొంత షాపు పెట్టుకుని శుక్రవారం తెరుస్తోంది, ఇప్పుడు ఆసుపత్రి అంటే అది అన్నీ ఆపేసి కూర్చుంటుంది, నాలుగు రోజులే కదా, దానికి మాత్రం చెప్పకు అని ఒట్టు వేయించుకుంది. షాపు శుక్రవారం తెరిచారు. శనివారం తెల్లారేసరికి ఆవిడ లేదు.

తన షాపు కోసమే అత్తగారు ఆగిందని తెలిస్తే పెద్దకోడలు మళ్ళీ కత్తెర పట్టుకోగలదా? పట్టుకోలేదు. అందుకే ఆ నింద మీద పడ్డప్పుడు చిన్నకోడలు నోరు మూసుకుంది. ఈ రోజు కూడా మూసుకునే ఉండాలని నిర్ణయించుకుని వేళ్ళు తీసేసింది.

బల్ల మీద పడుకోబెట్టి, జాకెట్టు భుజం దాకా జరపాల్సి వచ్చింది. బావగారిని తెర అవతలికి పంపింది. ఆయన ఫారం పట్టుకుని అక్కడి స్టూలు మీద కూర్చున్నాడు.

స్పిరిటు దూది చల్లగా తగిలింది. ఒకటి అంటూ మొదటి సూది భుజం ముందు వైపు దిగింది. రెండు, మూడు అక్కడే చుట్టూ. నాలుగు మోచేతి మడత దగ్గర. అయిదు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. ప్రతి సూదికీ ఆమె అంకె పైకి చెబుతుంది. లెక్కపెట్టి పెట్టాలి, లెక్కపెట్టి తియ్యాలి. అది నేర్పిన గురువు ఆఖరి పాఠంగా కాక మొదటి పాఠంగా నేర్పాడు.

ఆరు, ఏడు మోకాళ్ళ కింద పిక్కల పక్కన.

“భుజానికి జబ్బు చేస్తే పిక్కల్లో గుచ్చుతోందేంటండీ?” అని పెద్దకోడలు తెరని అడిగింది. “బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టినట్టు.”

తెర అవతలి నుంచి ఆయన ఏదో అనబోయాడు. ఈలోగా చిన్నకోడలు పిక్క మీది సూదిని మెల్లిగా తిప్పుతూ, ఇప్పుడు చెయ్యి మెల్లిగా, కొంచెమే కదిపి చూడమనండి అంది. పెద్దకోడలు కదిపింది. చెయ్యి ఛాతీ దగ్గర ఆగి, ఆగి, ఇంకొంచెం జరిగింది. ఆ ముఖంలో మొదట అనుమానం, తర్వాత ఆశ, తర్వాత ఆశ పడినందుకు సిగ్గు కనిపించాయి.

ఎనిమిది పాదం మీద. తొమ్మిది నడినెత్తిన. దాని కోసం చిన్నకోడలు ఆమె తల మీదికి వంగి పాపిట తీసింది. అలా వంగినప్పుడు ఆమె జుట్టు పెద్దకోడలి కళ్ళ ముందుకి జారింది.

“ఆ జుట్టెవరు కత్తిరించారు?”

చిన్నకోడలి చెయ్యి ఆగిపోయింది. మాట తెరతో అన్నది కాదు.

“నేనే,” అంది.

“అద్దం చూసుకుంటూనా, చూసుకోకుండానా?”

“చూసుకుంటూనే. వంటింటి కత్తెరతో.”

“తెలుస్తూనే ఉంది. ఈ రెండేళ్ళూ ఎక్కడికీ వెళ్ళలేదా?”

“వెళ్ళాలనిపించలేదు అక్కా.”

అక్కా అన్న మాట తనకి తెలియకుండానే వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. తొమ్మిదో సూది దించి, దీపం తగ్గించి, ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోమని, తను పక్కగదిలో ఉంటానని చెప్పింది. పేషెంట్లందరినీ అలాగే వదిలి వెళ్తుంది.

“కూర్చో,” అంది పెద్దకోడలు.

కూర్చుంది. తెర అవతల ఒక మనిషి ఉన్నాడన్న సంగతి ఆ నిమిషాన ఇద్దరూ మర్చిపోయారు.

 పెద్దకోడలు పైకప్పు చూస్తూ, అత్తయ్యని కూడా ఈ బల్ల మీదే పడుకోబెట్టావా అని అడిగింది. అవునంది చిన్నకోడలు, మొదటిసారి. రెండోసారి పడుకోబెట్టలేదు.

“రెండోసారి ఏం చెప్పావు ఆవిడకి?”

“ఏం చెప్తాను? నాలుగు రోజుల్లో తగ్గిపోతుందని చెప్పాను.”

“అబద్ధం.”

చిన్నకోడలు తలెత్తింది.

“అబద్ధం ఆడుతున్నావు,” అంది పెద్దకోడలు మళ్ళీ. గొంతులో కోపం లేదు. “ఆసుపత్రికి పొమ్మన్నావు. ఆ పూటే పొమ్మన్నావు. నాకు తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“ఆవిడే చెప్పింది.”

ఆ తర్వాతి మాటలు ఆవిడ ఒక్కొక్కటే ఏరుకుంటూ చెప్పింది. ఆ సాయంత్రం అత్తగారు షాపుకి వచ్చిందట. గోడలకి రంగు ఇంకా ఆరలేదు, అద్దాలు బిగిస్తున్నారు. తెరిచే రోజుకి తను కూడా నీటుగా ఉండాలని, మొదటి కుర్చీలో మొదటి కటింగు తనకే కావాలని కూర్చుంది. కుర్చీలో కూర్చుని మెడ చుట్టూ గుడ్డ కట్టాక ఎవరూ మాట దాచుకోలేరు, ఇరవై ఏళ్ళుగా చూస్తోంది తను. ఆవిడా దాచుకోలేదు. చిన్నది ఆసుపత్రికి పొమ్మంటోందే, గ్లాసు జారిపోయిందని భయపడుతోంది, నువ్వు తోడొస్తావా అని అడిగింది.

“దువ్వెన నా చేతిలో ఉంది. అద్దం వంకర పెడుతున్నారని ఆ కుర్రాళ్ళ మీద కేకలేస్తున్నాను. శుక్రవారం దాకా ఆగండత్తయ్యా, శనివారం పొద్దున్నే తీసుకెళ్తానన్నాను. సరేలే అంది. అద్దంలో నన్ను చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది. చూశాను. చూసి, జుట్టు కత్తిరించాను.”

చిన్నకోడలు స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది.

“శనివారం పొద్దున ఆవిడ్ని చూడగానే నాకు నిలబడే ఓపిక లేకపోయింది. ఎవరినో ఒకళ్ళని అనకపోతే అక్కడే కూలిపోయేదాన్ని. నువ్వు ఎదురుగా కనిపించావు. నువ్వు తిరిగి ఒక్క మాట అంటావని, అప్పుడు నిజం చెప్పేస్తానని చూశాను. నువ్వు అనలేదు. ఎందుకనలేదే?”

“నీకు తెలియదనుకున్నాను,” అంది చిన్నకోడలు. “నీ షాపు కోసం ఆగిందని తెలిస్తే నువ్వు బతకలేవనుకున్నాను. చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది.”

ఇంత తెలివైన వాళ్ళిద్దరూ ఒకే నిజాన్ని చెరో కొసా పట్టుకుని, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు రెండేళ్ళు మోశారు. దీన్ని ఏమనాలో నాకైతే తెలియదు. ప్రేమ అంటే నవ్వుతారు, మూర్ఖత్వం అంటే ఏడుపొస్తుంది.

పెద్దకోడలి కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయింది.

“కదపకక్కా. సూదులున్నాయి.”

చిన్నకోడలు దూది తీసుకుని తుడిచింది. ఒక పక్క తుడిస్తే రెండో పక్క కారుతోంది. తన కళ్ళు తుడుచుకోవడానికి ఆమెకి దూది మిగలలేదు. నేను కూడా ఆగాను కదా అక్కా అంది. ఆ పూటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాల్సింది, పెద్దావిడ మాటకి లొంగిపోయాను. రోజూ అదే అనుకుంటాను. డాక్టరు కాగితం లేనిదే ఎవరినీ ముట్టుకోనిది అందుకే.

“నిన్నన్న మాటకి నేను ఊరందరి ముందూ క్షమాపణ చెప్పుకోవాలి,” అంది పెద్దకోడలు.

“ముందు నా జుట్టు బాగుచెయ్యి. ఆ చెయ్యి లేచాక.”

పెద్దకోడలు ఏడుస్తూనే నవ్వింది. నవ్వితే భుజం కదిలి సూది గుంజింది, అబ్బా అంది. ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

చిన్నకోడలు లేచి సూదులు తీయడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు. ఆ తర్వాత అంకె పైకి చెప్పడం మర్చిపోయింది. పాదం దగ్గరిది, పిక్కలవి, చేతివి. తీసినవన్నీ డబ్బాలో వేసి మూత పెట్టబోయింది.

“ఎనిమిదే తీశావు,” అంది పెద్దకోడలు. “తొమ్మిది పెట్టావు.”

పదిహేనేళ్ళలో ఆమె లెక్క తప్పడం అదే మొదటిసారి. నెత్తి మీది సూది జుట్టులో కలిసిపోయి ఉంది. అది అలాగే ఉండి ఉంటే ఈ రాత్రి బావగారి దువ్వెనకి తగిలేది. పాపిట తీసి మెల్లిగా లాగింది. ఆ సూదులనే నిందించిన మనిషి వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ ఉంది, తన కోసం కాదు, పెట్టిన మనిషి మీదికి మళ్ళీ మాట రాకూడదని.

లేపి కూర్చోబెట్టి చెయ్యెత్తి చూడమంది. పొద్దుటి కంటే నాలుగు వేళ్ళు పైకి లేచింది, అక్కడ ఆగిపోయింది. రేపటికి మళ్ళీ దిగొచ్చు, దీన్ని నమ్మి షాపు తెరిచెయ్యకు, గురువారం మళ్ళీ రా అని చెప్పింది చిన్నకోడలు. ఈసారి నాలుక గీక్కోకుండా.

“వస్తాను. నేనే వస్తాను, మధ్యలో ఆయనెందుకు,” అంటూ పెద్దకోడలు జాకెట్టు సర్దుకుంది. అప్పుడు ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

ఆయన.

“ఏమండీ,” అని పిలిచింది పెద్దకోడలు.

తెర అవతల చప్పుడు లేదు. ఇంకోసారి పిలిచింది. చిన్నకోడలు తెర జరిపింది.

స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద ఫారం, ఫారం మీద పెన్సిలు, కింద పడిపోకుండా జాగ్రత్తగా పెట్టి ఉన్నాయి. పెద్దకోడలు ఎడమచేత్తో ఫారం తీసింది. నిద్ర, దాహం, చెమట, అన్నీ అచ్చుగుద్దినట్టే ఉన్నాయి. మనసులో దిగులు అన్న చోట ‘లేదు’ అన్న మాట మీద ఒక గీత ఉంది. పెన్సిలు ములుకు విరిగేంత గట్టిగా గీసిన గీత. దాని పక్కన ఆయన ఇంకేమీ రాయలేదు.

అమ్మ ఎలా పోయిందో ఈ ఇద్దరి కంటే ఎక్కువగా తెలియాల్సిన మనిషికి రెండేళ్ళుగా ఇద్దరూ చెప్పలేదు.

పెద్దకోడలు గుమ్మం దాకా పరుగెత్తింది. వీధి గేటు బార్లా తెరిచి ఉంది. ఆయన చెప్పులు మాత్రం ఆవిడ చెప్పుల పక్కనే, విడిచిన చోటే ఉన్నాయి.